సాంబ్రాణి వాసన వేసే ల్యాప్‌టాప్

సబ్ ఇన్‌స్పెక్టర్ భానుప్రకాశ్‌కు కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. దేవరయాంజాల్‌లో శైలజ ఇంటి గడప దాటేసరికి అది కాస్తా మీసాల దాకా దిగింది. అరెస్టు చెయ్యడానికి వచ్చింది తను. తనకన్నా ముందే వచ్చి, ఆ అరెస్టు కావలసిన అమ్మాయి పక్కనే కుర్చీ వేసుకుని, సాసరులో టీ పోసుకుని తాపీగా తాగుతోంది దుర్గాబాయి.

మేడ్చల్ చుట్టుపక్కల దుర్గాబాయిని ఎరగని పోలీసు లేడు. ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివ్. అంతకుముందు ఇరవై ఏళ్ళు బీమా సర్వేయరుగా చేసింది. తగలబడిన గోదాము, పేలిన బాయిలరు, మాడిపోయిన మోటారు, ఏదైనా సరే ఎందుకు వేడెక్కిందో చూసి చెప్పడమే ఆవిడ ఉద్యోగం. ఇదివరకు రెండు కేసుల్లో భానుప్రకాశ్ ఒకటి చెబితే ఆవిడ ఇంకొకటి చెప్పింది. రెండుసార్లూ ఆవిడ మాటే నిజమైంది. ఆవిడంటే అతనికి ఒళ్ళుమంట ఉండడానికి అంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు.

"మీరిక్కడేం జేస్తున్నరు మేడం?" అన్నాడు టోపీ అయినా తియ్యకుండా.

"ల్యాప్‌టాప్ లొల్లి జేస్తాందంటే చూద్దామని వచ్చిన సార్. శైలజ వాళ్ళమ్మ బాలనర్సమ్మ దగ్గరే నేను కూరగాయలు కొనేది. పొద్దుగాల అంగట్ల ఏడ్సుకుంట జెప్పింది."

"లొల్లి సంగతి సర్వీసు సెంటర్ల చూపించుకోమనుండ్రి. నేను దొంగతనం సంగతి చూడనీకి వచ్చిన."

"రెండూ ఒక్కటే అయితే?" అంది దుర్గాబాయి, సాసరు కింద పెడుతూ.

లొల్లి మాత్రం నిజమే. బల్ల మీదున్న ఆ కొత్త ల్యాప్‌టాప్ నిలువునా మొత్తుకుంటోంది. పిట్ట కొంచెం కూత ఘనం అన్నట్టు, వేలెడు మందం కూడా లేని ఆ వస్తువులోంచి పిండిమర చప్పుడు వస్తోంది. కింద గాలి ఆడడానికి శైలజ నాలుగు మూలలా నాలుగు మందుసీసా మూతలు పెట్టింది. పక్కన గోడవైపు నుంచి టేబుల్ ఫ్యాన్ తిప్పి పెట్టింది. అదీ చాలదని బాలనర్సమ్మ ఒక తడిగుడ్డ పిండి, జ్వరమొచ్చిన పిల్లకు వేసినట్టు, దాని మీద పరచబోతుంటే దుర్గాబాయే ఆపిందట.

"సల్లగైతదని వేస్తున్న సారూ," అంది బాలనర్సమ్మ తడిగుడ్డ చేతిలో పట్టుకునే. "నా బిడ్డ దొంగ గాదు. మా ఇంట్ల కంప్యూటర్ ముంగట కూసున్నది గిదొక్కతే. ఇయ్యాల జీపెక్కితే రేపు దీన్ని ఏ కంపెనీ గడప తొక్కనిస్తది?"

భానుప్రకాశ్ ఆ ప్రశ్న వినబడనట్టు ఫైలు తెరిచాడు. అతనిది గట్టి కేసు. దూలపల్లిలో శ్రీపార్వతీ మోల్డ్స్ అనే కంపెనీ మందుసీసాల మూతలకు అచ్చులు తయారు చేస్తుంది. ఆ అచ్చుల బొమ్మలు కంప్యూటర్ మీద గీసేది శైలజ. చిన్నపిల్లలు తిప్పినా ఊడిరాని కొత్తరకం మూత ఒకటి ఆమె గీసింది. పెద్ద ఆర్డరు ఖాయమైందనుకుంటుండగా, అదే మూతను ఇంకో కంపెనీ ముందుగా చూపించి ఆ ఆర్డరు ఎగరేసుకుపోయింది. వెతికితే తేలిందేమిటంటే, ఆయుధ పూజ నాడు పొద్దున పదీ నలభైకి, సరిగ్గా పూజ జరుగుతున్న వేళ, ఆ డ్రాయింగు శైలజ ల్యాప్‌టాప్ నుంచే మెయిల్‌లో బయటికి వెళ్ళింది. కంపెనీ వ్యవహారాలు చూసే లింగస్వామి నిన్ననే ఫిర్యాదు ఇచ్చాడు.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటరు," అన్నాడు భానుప్రకాశ్ ఫైలు మూస్తూ. "నేను ఒక్కదినంల పట్టిన."

"మస్తు జల్దీ పట్టిన్రు సార్," అంది దుర్గాబాయి. అందులో వెక్కిరింత ఉందో లేదో అతనికి అంతుపట్టలేదు. "మీరు తీస్కపోయే ముందు రెండు మాటలడుగుత. బిడ్డా శైలజా, గీ చప్పుడు ఎప్పటిసంది?"

శైలజ ఏడుపు దిగమింగుకుని కూర్చుంది. అడిగినదానికి మాత్రం స్పష్టంగా జవాబు చెప్పింది. "ఆయుధ పూజ అయిన తెల్లారి సంది మేడం. అంతకుముందు రెండు దినాలు వాడిన. లోపట ఫ్యాన్ ఉన్నదా లేదా అన్నట్టుండె."

"ఇప్పుడు?"

"పని చేసినా మోగుతది, చెయ్యకున్నా మోగుతది. మూత మూసి సంచిల పెట్టుకుంటే వీపు కాలుతది. సర్వీసుకు ఇద్దామంటే ఆఫీసుల వద్దన్నరు. విప్పితే వారంటీ పోతదట."

"ఇంకేమన్న ఉన్నదా?"

శైలజ కన్నా ముందు బాలనర్సమ్మే అందుకుంది. "వేడెక్కినంక దేవునర్రల పూజ చేసినట్టు వాసనొస్తది. లచ్చిమి ఉన్నట్టే గదా, మంచిదే అనుకున్న."

భానుప్రకాశ్‌కు నవ్వొచ్చింది. దుర్గాబాయికి రాలేదు. లేచి బల్ల దగ్గరికి వెళ్ళి, అరచేత్తో కాకుండా చేతి వెనకవైపుతో ల్యాప్‌టాప్‌ను అక్కడక్కడా తాకి చూసింది. ఎడమవైపు వెనక మూల దగ్గర చెయ్యి ఆపింది.

"ఇక్కడ విప్పాలె సార్."

"సాక్ష్యం మీద చెయ్యేస్తే మీ మీద కేసు పెడత."

"విప్పేది నేను గాదు, మీరు. సైబర్ కోర్సు చేసొచ్చిన్రు గదా. శైలజ ఫోన్ల వీడియో తీస్తది. లోపట ఏం లేకపోతే మీ కేసుకు పోయేదేం లేదు." ఆవిడ సంచిలోంచి సన్నని స్క్రూడ్రైవర్ తీసి అతని ముందు పెట్టింది.

కాదంటే కోర్సు పరువు పోతుంది. అవునంటే ఆవిడ మాట నెగ్గుతుంది. భానుప్రకాశ్ పళ్ళు కొరుక్కుంటూ ల్యాప్‌టాప్ ఆపి, బోర్లా తిప్పి, అడుగు మూత స్క్రూలు ఒక్కొక్కటే ఊడదీశాడు. మూత పైకి లేచింది. దానితోపాటే గది నిండా సాంబ్రాణి వాసన గుప్పుమంది.

లోపల ఫ్యాన్ రెక్కలు ఎర్రగా ఉన్నాయి. రెక్కల వెనక, వేడిని బయటికి పంపే సన్నని రేకులు దువ్వెన పళ్ళలా వరసగా ఉంటాయి. వాటి మధ్య ఎరుపూ నలుపూ కలిసిన ముద్ద ఒకటి గట్టిగా బిగుసుకుని ఉంది. గాలి దూరడానికి సూది మోపినంత సందు లేదు.

"కుంకుమ!" అంది శైలజ.

"ఇదీ రోగం," అంది దుర్గాబాయి. "వేడి పోయే తొవ్వ మూసుకపోయింది. ఇగ ల్యాప్‌టాప్ కాలక ఏం జేస్తది, ఫ్యాన్ మొత్తుకోక ఏం జేస్తది? దీని కిందున్న మూతలూ, టేబుల్ ఫ్యానూ ఏం పనికొస్తయి బిడ్డా, ముక్కు మూసుకుపోయినోనికి విసనకర్ర ఊపినట్టు."

"ఇందుల వింతేమున్నది?" అన్నాడు భానుప్రకాశ్. "ఆయుధ పూజల పెట్టిన్రు. కుంకుమ పడ్డది."

"పడితే పైన పడాలె. లోపటికెట్ల పోయింది సార్? పడుకున్న ఫ్యాన్ కుంకుమను పీల్చదు గదా."

"తెల్లారి ఆన్ చేసినప్పుడు పీల్చింది. అడుగున జాలీకి అంటుకున్న కుంకుమ లోపటికి పోయింది. అంతే!"

దుర్గాబాయి మొహం వికసించింది. "మంచిగడిగిన్రు సార్. గిట్ల అడిగేటోళ్ళే లేరు." ఆవిడ నిజంగానే మెచ్చుకుంది. మెచ్చుకుంటే ఇంకా కోపమొస్తుందని భానుప్రకాశ్‌కు అప్పుడే తెలిసింది. "శైలజా, పూజల వరస ఎట్లుండె?"

"మిషన్లన్నిటికీ బొట్లు పెట్టిన్రు. మధ్యల ఎర్రగుడ్డ పరిచి మా అందరి పనిముట్లు పెట్టిన్రు. స్పానర్లు, కొలతల స్కేళ్ళు, నా ల్యాప్‌టాప్. పైన బొట్టు పెడితే కొత్తదానికి మరకైతదని నేనే అయ్యగారికి చెప్పి, పక్కన చల్లమన్న. కుంకుమార్చన అయినంక సాంబ్రాణి వేసిన్రు. కండ్లు మండేంత పొగ. ఆఖరికి హారతి, గుమ్మడికాయ."

"ఆ దినం ల్యాప్‌టాప్ మళ్ళ ముట్టుకున్నవా?"

"ఆయుధ పూజ నాడు పనిముట్టు ముట్టుకోరు మేడం. పొద్దుగాల మూత మూసిన, తెల్లారే తెరిచిన."

దుర్గాబాయి ఎస్సై వైపు తిరిగింది. "కుంకుమ తెల్లారేదాక ఆగుతది సార్. మీరన్నట్టు జాలీకి అంటుకుని కూసుంటది. పొగ ఆగుతదా?"

భానుప్రకాశ్ ఆ ముద్దలోని నలుపు వైపు చూశాడు.

"పొగ అప్పటికప్పుడు గాలిల కలిసిపోతది. తెల్లారి ఫ్యాన్ తిరిగితే పీల్చనీకి షెడ్డుల పొగ లేదు. మరి గా కుంకుమ మీద జిగురు లెక్క పట్టిన మసి ఎక్కడిది? గీ వాసన ఎక్కడిది? సాంబ్రాణి వేసిన గడియలనే గీ ఫ్యాన్ తిరుగుతాంది. అందరూ చేతులు జోడిచ్చి దండం పెడుతుంటే, మూత మూసుకుని, ఎర్రగుడ్డ మీద కూసోని గిది పని జేస్తాంది."

భానుప్రకాశ్ వంగి ఇంకోసారి వాసన చూశాడు. వేలు చివరతో ఆ నల్లటి జిగురును తాకాడు. మూడు నెలల కోర్సులో రికార్డులు చదవడం నేర్పారు గానీ పొగను చదవడం ఎవరూ నేర్పలేదు. ఈ ఆవిడ ముందు తను బడిపిల్లాడిలా ఉన్నాననిపించింది. అలా అనిపించినందుకు మళ్ళీ కోపమొచ్చింది. ఆ కోపంలోనే అతనికి ఒక ఆలోచన తట్టింది.

"అయితే నా కేసే గట్టిపడ్డది మేడం!" అన్నాడు చప్పట్లు కొట్టినంత హుషారుగా. "పూజల అది నడుస్తాంది. అంటే ఈమె ముందే టైము పెట్టి ఉంచింది. పదీ నలభైకి మెయిల్ దానంతటదే పోయేటట్టు. తను పది మందిల నిలబడి దండం పెట్టుకున్నది. ఎవ్వరికీ అనుమానం రాకుండ!"

బాలనర్సమ్మ తడిగుడ్డను నేలకేసి కొట్టింది. "సాయం జేస్తవని పిలిస్తే ఉన్న గోతిని ఇంకింత తవ్వితివి గదా అక్కా!"

దుర్గాబాయి కదల్లేదు. "సార్, మీకు ల్యాప్‌టాప్ ఉన్నదా?"

"ఉన్నది. ఎందుకు?"

"మెయిల్ పంపితే ఫ్యాన్ చప్పుడైతదా?"

"మెయిల్‌కా? లేదు."

"మరి ఎప్పుడైతది?"

"పెద్ద పెద్ద బొమ్మలు తిప్పే పని ఉంటే అయితది. వీడియోలు కోసి అతికిస్తే. లేకుంటే కార్ల రేసు ఆడేటప్పుడు..." అని నాలుక కరుచుకున్నాడు. మీసాల కింద ఎస్సై గారి మొహం ఎర్రబడింది.

దుర్గాబాయి పెద్దమనిషి. విననట్టే ఊరుకుంది. "గదే సార్. కొత్త ల్యాప్‌టాప్, అప్పటికి లోపట దుమ్ము లేదు. ఒక్క మెయిల్ పోతే దీనికి చెమట గూడ పట్టదు, ఫ్యాన్ లేవనే లేవదు. కానీ ఆ పొద్దు గింత కుంకుమ, గింత పొగ పీల్చిందంటే పూజ పొడుగునా జోరుగ తిరిగింది. అంటే పెద్ద డ్రాయింగులు ఎవరో తెరుస్తున్నరు, తిప్పి చూస్తున్నరు, మూస్తున్నరు, ఇంకోటి తెరుస్తున్నరు. ఎందుకు? ఏది కావాలెనో తెల్వక."

ఆవిడ శైలజ తలమీద చెయ్యి వేసింది. "గీ పిల్లకు తన డ్రాయింగు ఏదో తెల్వదా? తన వంటింట్ల ఉప్పుడబ్బా ఏదని ఇల్లాలు మూతలన్నీ తీసి చూస్తదా సార్? గట్ల చూసేటోడు పొరుగోడు."

భానుప్రకాశ్ ఫైలు బల్ల మీద పెట్టేశాడు. ఎంత కోపిష్టి అయినా అతను అన్యాయస్తుడు కాదు. తప్పు దారిన పోతున్నానని తెలిశాక కూడా బండి వెనక్కి తిప్పకపోవడం అతని రక్తంలో లేదు. కుర్చీ లాక్కుని, ఆ ఇంట్లో మొదటిసారి కూర్చున్నాడు.

"అంటే ఇంకెక్కడో కూసోని, నెట్‌ల నుంచి దీన్ని నడిపిచ్చిన్రంటరు."

"నేనంటే ఏం లాభం సార్? ఏ డ్రాయింగు ఎప్పుడు తెరిచిన్రో దాంట్లనే రాసి ఉంటది గదా."

ఎస్సై మూత బిగించడం మొదలుపెట్టాడు. ఆఖరి స్క్రూ తిప్పుతుండగా బయట తెల్లకారు ఆగింది. లింగస్వామి లోపలికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నుదుట బొట్టు, మొహాన పెద్దరికం. ల్యాప్‌టాప్ తమ కంపెనీదేనని గుర్తుపట్టి సంతకం పెట్టడానికి ఎస్సైయే రమ్మన్నాడు.

"ఇంకా కాలేదా సార్?" అన్నాడు. బల్ల మీద స్క్రూడ్రైవర్ చూసి అతని గొంతు మారింది. "ఏంది, విప్పిన్రా? వారంటీ పోతదని ఎన్నిసార్లు జెప్పిన ఈ పిల్లకు!"

"విప్పింది నేను," అన్నాడు భానుప్రకాశ్.

దుర్గాబాయి లేచి నమస్కారం పెట్టింది. "మీరేనా సార్ శైలజను సర్వీసుకు ఇయ్యొద్దన్నది?"

"మీరెవరు?"

"బాలనర్సమ్మ మనిషిని. ఆయుధ పూజ మంచిగయ్యిందటగా. మీరు గూడ ఉన్నరా?"

"ఉండక ఏడికి పోత? హారతి నా చేతులతోనే ఇచ్చిన. గుమ్మడికాయ నేనే కొట్టిన. గీ ల్యాప్‌టాప్ దేవుని ముంగట ఉన్నది నా కండ్లతోని చూసిన. దేవుని ముంగటనే గింత దొంగతనం!" అంటూ తల విదిలించాడు.

"నిజమే సార్, మస్తు అన్యాయం," అంది దుర్గాబాయి. తర్వాత ఎస్సై వైపు తిరిగి, అవసరానికి మించిన గొంతుతో అంది. "ఎస్సై సార్, ఆ పొద్దు ఏ డ్రాయింగు ఏ టైముకు తెరిచిన్రో జాబితా దీంట్లనే ఉన్నదన్నరు గదా. జర టీ తాగినంక నిమ్మళంగ చూద్దాం. బాలనర్సమ్మా, సార్లకు టీ పెట్టు."

భానుప్రకాశ్ అలా అననే లేదు. అన్నది ఆవిడే. ఎందుకో అతను తల ఊపాడు.

లింగస్వామి గడియారం చూసుకున్నాడు. "నాకు టీ వద్దు. ఆఫీసు పని ఒకటి అర్జంటున్నది. కార్ల కూసుంట. అయినంక పిలువుండ్రి." మాట పూర్తికాకముందే గడప దాటాడు.

అతను వెళ్ళగానే దుర్గాబాయి నడుం వంచి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. "జల్దీ కానియ్యిండ్రి సార్. టీ ఉత్తదే."

ఎస్సై ల్యాప్‌టాప్ ఆన్ చేశాడు, వేళ్ళు చకచకా కదిలాయి. తెర మీద జాబితా వచ్చింది. ఆయుధ పూజ నాటి పొద్దున డ్రాయింగు తర్వాత డ్రాయింగు, ఒకదాని వెనక ఒకటి తెరిచి మూసిన గుర్తులు. మందుసీసా మూత, నూనెడబ్బా మూత, మళ్ళీ మందుసీసా. చిట్టచివర, పదిన్నరకు, ఆ పిల్లల మూత. పది నిమిషాల తర్వాత మెయిల్. అచ్చం ఆవిడ చెప్పినట్టే. భానుప్రకాశ్ ఒక్కొక్క గీతనూ తన ఫోన్‌లో ఫోటో తీసుకున్నాడు.

"మేడం," అన్నాడు మెల్లగా, "మీరు దీన్ని చూడనే లేదు. వాసన చూసి చెప్పిన్రు."

"వేడి అబద్ధమాడదు సార్. మనుషులాడుతరు. శైలజా, గీ ల్యాప్‌టాప్ నీ చేతికొచ్చే ముందు ఎక్కడుండె?"

"లింగస్వామి సార్ రూముల రెండు దినాలు. మంచిరోజు చూసి ఇస్తనన్నడు."

"పూజల ఛార్జర్ పెట్టి ఉంచిన్రా?"

"పెట్టిన. సారే పెట్టుమన్నడు. పండుగ నాడు దీపం లెక్క లైటు వెలుగుతుండాలె అన్నడు."

భానుప్రకాశ్ తల అడ్డంగా ఊపాడు. "కానీ ఆయన పూజల ఉన్నడు మేడం. హారతి ఇచ్చిండు. పూజ వీడియో నా దగ్గరున్నది, ఎన్నిసార్లు చూసిన్నో."

"ఇంకొక్కసారి చూద్దాం. ఈసారి ల్యాప్‌టాప్‌ను గాదు, పీటలను."

అతను ఫోన్‌లో వీడియో పెట్టాడు. దేవుడి ముందు రెండు పీటలు. ఒకదాని మీద పట్టుచీరలో పార్వతీదేవి, లింగస్వామి భార్య. రెండో పీట మీద మనిషి లేడు. మడతపెట్టిన జరీ కండువా ఒకటి ఉంది.

"దంపతులు కూసోవాల్సిన పూజల మొగుడు లేకపోతే ఏం జేస్తరు సార్?" అంది దుర్గాబాయి.

"ఆయన కండువా పీట మీద పెట్టి..." భానుప్రకాశ్ వీడియో ఆపాడు. తన చెల్లెలి ఇంట్లో గృహప్రవేశానికి బావ రాలేకపోతే అయ్యగారు ఇదే చేయించాడు. తెలిసిన ఆచారమే. కళ్ళెదుటే ఉంది. అలంకారం అనుకుని వదిలేశాడు. హారతి సమయానికి ఆ కండువా లింగస్వామి భుజం మీదికి వచ్చింది. అప్పటిదాకా అతను ఆ షెడ్డులో లేడు.

"ఎక్కడికి పోయిండు?" అన్నాడు.

"తన రూముల కూసోని అర్జంటు ఫోన్ మాట్లాడుతుండని పార్వతీదేవి మేడం అయ్యగారికి చెప్పింది," అంది శైలజ. "కంపెనీ ఆ మేడం వాళ్ళ నాయిన పెట్టిండు సార్, ఆమె పేరు మీదే ఉన్నది. లింగస్వామి సార్ ఉత్తగ చూసుకుంటడంతే. తనకంటూ ఒక కంపెనీ ఉండాలెనని ఎప్పుడూ అంటుండేటోడు."

ఆర్డరు తన్నుకుపోయిన ఆ రెండో కంపెనీ వెనక డబ్బు ఎవరిదో కనుక్కోవాలన్న ఆలోచన భానుప్రకాశ్‌కు నిన్న రాలేదు. ఇప్పుడు వచ్చింది.

"ఇదంతా అనుమానమే మేడం. కోర్టుల కండువా సాక్ష్యం చెప్పదు."

"చెప్పదు. అందుకే ఆయనతోనే చెప్పిద్దాం." దుర్గాబాయి ల్యాప్‌టాప్ మూత మూసింది. టేబుల్ ఫ్యాన్ ఆపేసింది. "మూత మూస్తే ఏ ల్యాప్‌టాపయినా నిద్రపోవాలె. గిది పోదు. పోకుండ చేసిండు. జర ఆగుండ్రి."

నలుగురూ ఆ మూసిన ల్యాప్‌టాప్ వైపే చూస్తూ కూర్చున్నారు. లోపల ఫ్యాన్ ఒకే తీరుగా గొణుగుతోంది. బాలనర్సమ్మ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఉన్నట్టుండి ఆ గొణుగుడు పెరిగింది. ఎవరూ ముట్టుకోలేదు, ఎవరూ తెరవలేదు, ఫ్యాన్ మాత్రం ఏనుగు తరిమినట్టు పరుగందుకుంది.

దుర్గాబాయి మూతను నెమ్మదిగా పైకెత్తింది. తెర మీద బాణం గుర్తు దానంతటదే కదులుతోంది. ఇంతకుముందు వాళ్ళు చూసిన జాబితాలో ఒక్కొక్క గీతే మాయమవుతోంది.

శైలజ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భానుప్రకాశ్ నెట్ తీసెయ్యబోయాడు. దుర్గాబాయి అతని మణికట్టు పట్టుకుంది.

"పని చెయ్యనియ్యిండ్రి. మీ ఫోటోలు మీ దగ్గరున్నయి. గిది గూడ తీయుండ్రి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నడు సార్, అంతే."

అతను కదిలే బాణం గుర్తును వీడియో తీశాడు. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళాడు. గల్లీలో తెల్లకారు అద్దాలు ఎత్తి ఉన్నాయి. లోపల లింగస్వామి తల వంచుకుని, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని, దీక్షగా పని చేసుకుంటున్నాడు. అతని వేలు ఆగితే ఇక్కడ బాణం ఆగుతోంది. కదిలితే కదులుతోంది. భానుప్రకాశ్ ఆ కారునూ ఈ తెరనూ కలిపి ఒకే వీడియోలో పట్టాడు. పట్టి, దుర్గాబాయి వైపు తిరిగి, వచ్చినప్పటి నుంచీ తియ్యని టోపీ తీశాడు.

"తప్పయింది మేడం," అన్నాడు. బయటికి నడిచాడు.

అతను అద్దం మీద తట్టగానే లింగస్వామి ఒళ్ళో ల్యాప్‌టాప్ టప్పున మూసి, చిరునవ్వుతో అద్దం దించాడు. "అయిపోయిందా సార్? పిల్లను జీపెక్కిస్తున్నరా?"

"మీరు దిగుండ్రి. ఆ ల్యాప్‌టాప్ ఇటియ్యిండ్రి."

చిరునవ్వు చెదరలేదు. "ఫిర్యాదు ఇచ్చింది నేను సార్. మర్చిపోయిన్రా?"

"మర్చిపోలే. దిగుండ్రి."

లింగస్వామి ఎస్సై మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. చూసి, ఏం అర్థమైందో, ఫోన్ తీసి ఒక నంబరు నొక్కాడు. "అన్నా, మీ ఎస్సై నన్ను గల్లీల నిలబెట్టిండు. జర నువ్వే జెప్పు," అని ఫోన్ బయటికి చాపాడు. "మాట్లాడుండ్రి. మీ పెద్దసారు."

భానుప్రకాశ్ ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. అవతలి గొంతు అతనికి బాగా తెలిసినదే. తన పోస్టింగు, తన ప్రమోషను, తను ఏ ఊళ్ళో ఉండాలి అన్నది కూడా ఆ మనిషి చేతుల్లోనే ఉంది.

"ఏందయ్యా భానుప్రకాశ్! లింగస్వామి మనోడు. ఆ పిల్లను తీస్కొని వచ్చెయ్, మిగిలిన కథ తర్వాత చూద్దాం."

భానుప్రకాశ్ గుమ్మం వైపు చూశాడు. శైలజ తల్లి భుజాన్ని ఆనుకుని నిలబడింది. ఆమె కళ్ళు అతని చేతిలోని ఫోన్ మీదే ఉన్నాయి. పక్కన దుర్గాబాయి. ఆవిడ ఏ సైగా చెయ్యలేదు. చెయ్యగలిగినదంతా చేసేసింది. ఇక మిగిలింది అతని వంతు. పొగను పట్టుకున్న మనిషి ముందు, ఇంత కళ్ళెదుట ఉన్న దొంగను వదిలిపెట్టి ఏ మొహం పెట్టుకుని జీపెక్కాలి అనుకున్నాడు.

అతను ఎడమచేత్తో కారు తలుపు తెరిచి, లింగస్వామి చొక్కా కాలరు పట్టుకున్నాడు. కుడిచేతిలో ఫోన్ అలాగే ఉంది.

"సార్, ముద్దాయి దొరికిండు సార్," అన్నాడు. "మీరిప్పుడు మాట్లాడుతున్నది ఆయన ఫోన్‌లనే. ఈ ఫోన్‌ను గూడ సీజ్ చేస్తున్న. మీ కాల్ కూడా రికార్డుల రాయాల్సొస్తది."

అవతల లైన్ కట్టయింది.